ఎర్రజుట్టు పెట్టలు

హోసూరు,
5 ఏప్రిల్ 1998

పవిత్ర వదినకు,

నీ కార్డు అందింది. బాగున్నావా అని అడిగావు. బాగాలేను. కార్డు చదివాక ఇంకా బాగాలేను.

నేను తెచ్చి ఇచ్చిన కోడిపిల్లలన్నీ పుంజులేనని అన్న తీర్పు చెప్పాడట. టీ అంగడిలో కూర్చుని, "సైకిలోడు మా చెల్లెలికి పుంజులు అంటగట్టినాడప్పా" అని నవ్వాడట. సైకిలువాడి దగ్గర కొనలేదని ఎన్నిసార్లు చెప్పాలి? గంపలో పెట్టి, గులాబీ రంగూ పచ్చరంగూ పూసి వీధుల్లో అమ్మేవి ఫారాలవాళ్ళు వద్దని పారేసిన పుంజుపిల్లలు. గుడ్ల ఫారానికి పుంజులతో పనిలేదు కాబట్టి రంగు పూసి పిల్లకాయలకు అమ్ముతారు. ఆ మాత్రం నాకు తెలుసు. నేను కొన్నది పిల్లలను పొదిగించే హేచరీలో. షిఫ్టు దిగి, రెండు బస్సులు మారి వెళ్ళి, ఎండలో నిలబడి తెచ్చాను. వాటిలో సగం పుంజులు ఉంటాయి. అన్నీ ఎందుకు ఉంటాయి?

అన్నకు అవన్నీ పుంజులే కావాలి. అసలు సంగతి అది. శ్రావణమాసం వచ్చేలోపల ఇంట్లో గుడ్డు కనబడితే పట్టుపురుగుల గది నాకిస్తాను, కంపెనీ మానేసి వచ్చి కోళ్ళు పెంచుకో అన్నాడు. కనబడకపోతే గదిలో మళ్ళీ పురుగులు, నేను మళ్ళీ వైర్లు. నీ ఎదుటే అన్నాడు, అమ్మ ఎదుటే అన్నాడు. నేను ఇక్కడ పనిచేసినంతకాలం నెలనెలా ఇంటికి జీతం వస్తుంది. అందుకే ఆయన ఆ పిల్లల వైపు ఆ కన్నుతో చూస్తున్నాడు.

ఇక్కడ సంగతి నీకు తెలియదు. పొద్దుటినుంచి నిలబడి వైర్లు కట్టలు కట్టాలి. బాత్రూముకు పోవాలంటే చెక్కబిళ్ళ తీసుకుని పోవాలి. లైను మొత్తానికి ఒకటే బిళ్ళ. ముందు పోయిన పిల్ల వచ్చేదాకా కాళ్ళు బిగబట్టుకుని వైర్లు కట్టుకోవాలి. నేను ఇందులోనే ముసలిదాన్ని అయిపోను, రాసి పెట్టుకో.

ఇప్పుడు పని చెబుతాను, శ్రద్ధగా చదువు. తమిళంలో ఒక కోళ్ళ పుస్తకం దొరికింది. బస్సు బోర్డులు చూసి నేర్చుకున్న తమిళంతోనే కూడబలుక్కుని చదివాను. మన పిల్లలకు ఇప్పుడు రెండున్నర నెలలు. తలమీద జుట్టు ఎర్రబడి, పెద్దదైనవి పుంజులు. జుట్టు చిన్నగా, పసుపుగా, పాలిపోయినట్టు ఉన్నవి పెట్టలు. కాళ్ళు లావుగా ఉంటే పుంజు. నువ్వు దగ్గరకు పోతే మెడ ఎత్తి నిలబడి చూసేది పుంజు, తల వంచుకుని పక్కకు తప్పుకునేది పెట్ట. మన ఇంట్లో మాదిరే అనుకో.

పుంజులను వేరుచేసి అమ్మేయండి. పెట్టల మీద ఎవరూ చెయ్యి వేయకూడదు.

నీ ఆడబిడ్డ,
చైత్ర

*

జవళగిరి,
19 ఏప్రిల్ 1998

చైత్రకు,

నీ ఉత్తరం చూసి పోస్టుమాను కూడా భయపడి ఉంటాడు, పెన్ను కాగితానికి రంధ్రాలు పడేలా రాశావు. అన్నం తింటున్నావా, లేక కోపంతోనే కడుపు నింపుకుంటున్నావా?

అత్తమ్మ చదవమంటే ఉత్తరం గట్టిగా చదివాను. మీ అన్న గడప మీద కూర్చుని అంతా విన్నాడు. చివర్లో "మన ఇంట్లో మాదిరే" అన్న ముక్క మాత్రం మింగేశాను. ఎందుకులే, నాకు సంసారం ఉంది.

నువ్వు చెప్పినట్టే చూశాం. నిజం చెప్పాలంటే నాకు చూడగా చూడగా ఒక్కసారిగా తెలిసిపోయింది, ఇన్నాళ్ళూ ఎందుకు తెలియలేదో. ఎనిమిది పుంజులు. పెట్టలు పదకొండు. ఒకదాన్ని గద్ద ఎత్తుకుపోయిందని ముందే రాశాను. మీ అన్న ఒక్కోదాన్నీ పట్టుకుని జుట్టు చూశాడు. తర్వాత, "అయితే జుట్టు ఎర్రగుంటే పుంజు, అంతే కదా" అన్నాడు. అంతే అన్నాను.

పోయిన వారం ఏనుగులు వచ్చి పనస చెట్టు దగ్గర కంచె తొక్కేశాయి. టపాకాయలు కాల్చి తరిమారు. ఆ శబ్దానికి కోళ్ళు రెండురోజులు సరిగా మేత ముట్టలేదు. నేను వాటి దగ్గరే కూర్చుని రాగిసంకటి ముద్దలు చేసి వేశాను. నీ కోళ్ళకు నా చేతివంట నచ్చింది.

నీ వదిన,
పవిత్ర

*

హోసూరు,
24 మే 1998

వదినకు,

పుంజులను అమ్మేశారని రాశావు, సంతోషం. కానీ నా ఉత్తరాలు నువ్వు ఇంట్లో పురాణంలా చదివి వినిపిస్తున్నావని తెలిసి ఒళ్ళు మండింది. పోయినసారి ఫోను బూత్ నుంచి టీ అంగడికి ఫోను చేస్తే అన్న వచ్చి, "ఏమమ్మా కోళ్ళ డాక్టరమ్మా" అన్నాడు. వెనక నలుగురు నవ్వడం వినబడింది. ఇకమీదట నా ఉత్తరం నువ్వు ఒక్కదానివే చదువు. ఎవరికీ చదివి వినిపించొద్దు. అమ్మ అడిగితే బాగున్నానని చెప్పు, చాలు.

మన పెట్టలకు ఇప్పుడు నాలుగు నెలలు దాటాయి. ఇక అవి గుడ్డుకు తయారవుతాయి. గదిలో వెలుతురు తక్కువగా ఉండే మూల చూసి గంపలు పెట్టు. గంపలో వరిగడ్డి వేయి, లేకపోతే రాగి గడ్డి అయినా సరే, మెత్తగా ఉండాలి. ఒక్కో గంపలో కోడిగుడ్డంత తెల్లరాయి పెట్టు. దాన్ని చూసి ఇక్కడ పెట్టాలని వాటికి తెలుస్తుంది. లేకపోతే కట్టెల సందులోనూ చింతచెట్టు వెనకా పెట్టి పోతాయి, పాముల పాలవుతాయి. రాత్రి గంపలో పడుకోనివ్వకు, రెట్టలు వేసి పాడు చేస్తాయి. సున్నపు చిప్పల పొడి విడిగా ఒక పెంకులో పెట్టు, వాటికి కావలసినంత అవే తింటాయి. అది లేకపోతే గుడ్డు పెంకు పలచగా వచ్చి, ఎత్తుకునేలోపలే పగిలిపోతుంది.

గుడ్డు దగ్గర పడిందని ఎలా తెలుస్తుందంటే, పాలిపోయిన జుట్టు ఎర్రబడుతుంది, పెద్దదవుతుంది. వీపు మీద చెయ్యి వేస్తే పారిపోకుండా ముడుచుకుని నేలకు అంటుకుని కూర్చుంటుంది. మూలమూలకూ పోయి తల దూర్చి చూస్తుంది. అప్పటినుంచి ఇక రెండు మూడు వారాలే. పుంజులకైతే నడుము మీద ఈకలు సన్నగా, మొనదేలి, మెరుస్తూ వేలాడతాయి. పెట్టలకు గుండ్రంగా ఉంటాయి. ఇది నీకు గుర్తుండడానికి రాశాను. పుంజులు పోయాయి కాబట్టి అవసరం లేదు.

లీవు అడిగాను. "పోతే పో, ఆ స్టూలు మీద రేపు ఇంకో పిల్ల కూర్చుంటుంది" అన్నాడు సూపర్‌వైజరు. స్టూలు ఎక్కడుందో చూపించమన్నాను, మేము నిలబడే కదా చేస్తున్నాం. లైనంతా నవ్వింది. ఆదివారం ఓవర్‌టైము వేశాడు. నా కోళ్ళు గుడ్డు పెట్టిన రోజే వీడి ముఖం మీద బిళ్ళ విసిరేసి వస్తాను.

చైత్ర

*

జవళగిరి,
30 జూన్ 1998

చైత్రకు,

ఉత్తరం ఆలస్యమైంది. మత్తూరులో మా అమ్మకు చలిజ్వరం వస్తే వెళ్ళాల్సి వచ్చింది. నాలుగు రోజులకని పోతే వారం పట్టింది. ఇప్పుడు లేచి తిరుగుతోంది.

గంపలు పెట్టాను. తెల్లరాళ్ళు ఏటివంక నుంచి ఏరి తెచ్చాను. చిప్పల పొడి తళ్ళి ఊరి సంతలో దొరికింది. అన్నీ నువ్వు చెప్పినట్టే.

ఒక సంగతి చెప్పాలి, కోప్పడకు. కిందటేడు బోరులో నీళ్ళు పడినప్పుడు మీ అన్న మునీశ్వరునికి పుంజులు కోస్తానని మొక్కుకున్నాడు కదా. నేను మత్తూరులో ఉన్నప్పుడు ఆ మొక్కు తీర్చేశాడు. బోరు పక్కన రాయి దగ్గర మగవాళ్ళంతా చేరి చేసుకున్నారు. ఆ మొక్కు సంగతి నీకు తెలిసిందే, ఆడవాళ్ళు ఆ పక్కకు పోకూడదు, ఆ వంట ఇంటికి తేకూడదు. మగవాళ్ళే కోసి, వండి, తిని, చేతులు కడుక్కుని వస్తారు. దానికి మన గదిలోనుంచే ఆరు పుంజులను పట్టుకుపోయాడట. "మిగిలిపోయిన పుంజులు ఆరు కండ్లకు కనబడతా ఉండాయి, మీకు తెలీలేదా" అన్నాడట అత్తమ్మతో. నేను వచ్చేసరికి అయిపోయింది.

ఇప్పుడు గదిలో ఐదు ఉన్నాయి. పెట్టలే. ఆరోగ్యంగా ఉన్నాయి. వేళకు అన్నం తిను.

నీ వదిన,
పవిత్ర

*

హోసూరు,
5 జూలై 1998

వదినకు,

మిగిలిపోయిన పుంజులు ఎక్కడివి? పుంజులన్నీ మే నెలలోనే అమ్మేశామని నువ్వే రాశావు. నీ చేత్తో రాశావు. గదిలో మిగిలినవి పదకొండు, పదకొండూ పెట్టలు. వాటిలో ఆరు పుంజులుగా ఎలా మారాయి?

నేను చెబుతాను. జుట్టు ఎర్రబడింది. గుడ్డుకు వచ్చిన పెట్టకు జుట్టు ఎర్రబడుతుందని రాశానా లేదా? అన్నిటికంటే ముందు గుడ్డు పెట్టబోయే ఆరింటిని ఏరి ఏరి పట్టుకుపోయాడు. ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే అవి గంపలో కూర్చునేవి. వాటిని కోసుకుని తిన్నారు. ఇంకా పాలిపోయి, ఇప్పుడిప్పుడే పెట్టని వాటిని నాకు మిగిల్చారు. శ్రావణానికి మూడు వారాలు కూడా లేవు.

నువ్వు అదే వారం మత్తూరుకు పోయావు. మీ అమ్మకు జ్వరం నిజమే కావచ్చు. నాలుగు రోజులది వారం ఎందుకైంది? పోయేముందు గదికి తాళం వేసి తాళంచెవి అమ్మకు ఇవ్వాలని ఎందుకు తోచలేదు? మొక్కు సంగతి నీకు ముందే తెలుసు. మొగుడితో గొడవ ఎందుకు, నేను లేనప్పుడు జరిగిపోతే నాకేమీ అంటదు అనుకున్నావు. నేను అక్కడ ఉండి ఉంటే గది గుమ్మంలో అడ్డంగా పడుకునేదాన్ని.

నా కోళ్ళు వదినా. షిఫ్టు మీద షిఫ్టు చేసి కొన్న నా కోళ్ళు. నీ మాటలో కోళ్ళు లేవు, "కోప్పడకు" మాత్రమే ఉంది. నేను కోప్పడతాను. ఇంకెవరైనా నా బదులు కోప్పడతారా ఆ ఇంట్లో?

చైత్ర

*

జవళగిరి,
12 జూలై 1998

చైత్రకు,

ఈసారి నువ్వు అన్నం తిన్నావో లేదో అడగను.

నా అమ్మ జ్వరం మీద లెక్కలు వేశావు. ఆమె మంచం మీద వణుకుతుంటే, మీ కోళ్ళకు నీళ్ళు మార్చారో లేదోనని నేను అక్కడ కూర్చుని ఆలోచించాను. అందుకు నాకు సిగ్గేసింది కూడా. తాళం సంగతి అన్నావు. ఈ ఇంట్లో మీ అన్న తెరవకూడదని నేను తాళం వేయగలనా? నువ్వు పుట్టింటి బిడ్డవు, గుమ్మంలో అడ్డంగా పడుకుంటావు. నేను పడుకుంటే దాటుకుని పోతారు.

జుట్టు ఎర్రగుంటే పుంజు అని చెప్పింది ఎవరు? నువ్వే. నేను గట్టిగా చదివాను, మీ అన్న విన్నాడు. గుడ్డుకు వచ్చిన పెట్టకు కూడా ఎర్రబడుతుందని రాసిన ఉత్తరం ఎవరికీ చదవొద్దని ఆజ్ఞ వేసింది ఎవరు? అదీ నువ్వే. నేను నీ మాట విన్నాను. అందరి మాటా వింటాను నేను, అదే వచ్చిన చిక్కు.

అయినా ఇది విను. నిన్న కేశవప్ప మజ్జిగకు వచ్చాడు. మొక్కు రోజు వంట చేసింది ఆయనే. తాగి, చెంబు కింద పెట్టి, వెళ్ళకుండా నిలబడ్డాడు. "అమ్మా, ఆ కోళ్ళు సాకింది నువ్వేనా" అని అడిగాడు. అవునన్నాను. నేల చూస్తూ చెప్పాడు.

"మొదటిది కోసి కడుపు తీస్తే లోపల గుడ్ల గుత్తి ఉండె తల్లీ, ద్రాక్షగుత్తి మాదిరి. ఇది పెట్ట లోకనాథా, సామికి పెట్ట కోయకూడదు, తక్కినవి ఇంటికి తోలేద్దాం అన్నాను. అందరూ చూస్తా ఉండారు, మాట్లాడకుండా కోసేయప్పా అన్నాడు మీ ఆయన. మిగతా అయిదూ కోసినాను. నాకు మనసు బాగలేదు."

అర్థమైందా? మొదటిదాన్ని మీ అన్న తెలియక కోయించాడు. తక్కిన ఐదింటిని తెలిసి కోయించాడు. నలుగురిలో "పొరబడినాను" అనడానికి నోరు రాక. ఇంటికి వచ్చి ఆరూ పుంజులే అన్నాడు, మేము నమ్మాం. మేము అక్కడికి పోకూడదు కదా, నమ్మక ఏం చేస్తాం.

రాత్రంతా నాకు నిద్ర లేదు. బాధ కాదు. ఇది కోపమని తెల్లారాక తెలిసింది. నాకు అలవాటు లేదు కాబట్టి గుర్తుపట్టలేకపోయాను.

ఇంకొకటి. నా కోళ్ళు, నా కోళ్ళు అని రాస్తావు. కొన్నది నువ్వు. ఆరు నెలలుగా రెట్టలు ఎత్తింది నేను, గద్దను తరిమింది నేను, ఏనుగులు వచ్చిన రాత్రి చీకట్లో గది గోడకు ఆనుకుని కూర్చున్నది నేను. గది నీకు వస్తే అందులో సగం నాది. ఇది అడగడం కాదు, చెబుతున్నాను.

పవిత్ర

*

హోసూరు,
16 జూలై 1998

వదినకు,

నీ ఉత్తరం లైనులో నిలబడి చదివాను. వైర్లు తప్పు కట్టాను. విప్పించి మళ్ళీ కట్టించాడు సూపర్‌వైజరు. వాడి మీద కోపం రాలేదు, అంత కోపం అప్పటికే అన్న మీద ఖర్చయిపోయింది.

జుట్టు సంగతి రెండున్నర నెలల పిల్లలకు రాశాను. ఐదు నెలలకు కాదు. వయసును బట్టి చూడాలని ఎవరికైనా తోచాలి. ఎవరికీ తోచకపోతే నేనేం చేయను? అయినా అది రాసి ఉండాల్సింది. సరే.

మీ అమ్మ గురించి రాసింది కొట్టేయి. పెన్నుతో అడ్డంగా గీత గీయి.

సగం అన్నావు. చదవగానే, కొన్నది నేనైతే సగం ఎలా వస్తుందని నోటికి వచ్చింది. రూములో పిల్లలకు కూడా చెప్పాను. వాళ్ళలో ఒక్కరూ నా పక్షం మాట్లాడలేదు. రాత్రి అన్నం దగ్గర, రోజూ మేత వేసే మనిషి చేతికింద కోడి ముడుచుకుని కూర్చుంటుంది, కొన్న మనిషి చేతికింద కాదు కదా అనిపించింది. సగం నీది. కానీ సగానికి ముందు గది రావాలి, గదికి ముందు గుడ్డు రావాలి. ఐదింటిలో ఏదైనా చేతికింద కూర్చుంటోందా? వెంటనే రాయి.

కేశవప్ప చెప్పిన మాట అన్న దగ్గర ఎత్తొద్దు. ఎత్తితే రోషానికి పోయి ఉన్న ఐదూ సంతలో అమ్మేస్తాడు. ఆయన సంగతి నాకు తెలుసు. నేను వచ్చాక నేను అడుగుతాను, నలుగురిలో అడుగుతాను. అంతవరకు నోరు కట్టుకుని ఉండు.

చైత్ర

*

జవళగిరి,
23 జూలై 1998

చైత్రకు,

ఇవాళ అమావాస్య. రేపటినుంచి శ్రావణం.

నీ మాట వినలేదు. ముందే చెప్పేస్తున్నాను.

నల్లమచ్చల పెట్ట వారంనుంచి నా చేతికింద కూర్చుంటోంది. సోమవారం పొద్దున గంపలోకి ఎక్కింది, దిగింది, ఎక్కింది. నేను తలుపు చాటున నిలబడ్డాను. పొయ్యిమీద సంకటి మాడిపోతోందని అత్తమ్మ అరుస్తున్నా కదలలేదు. అది లేచి గట్టిగా కూసి వెళ్ళాక పోయి చూశాను. చిన్నది, నిమ్మకాయంత. ఒక పక్క కాస్త రక్తపు చార. వేడిగా ఉంది.

తొలిగుడ్డు ఇంటి మగవాడికి పెట్టాలంటుంది అత్తమ్మ, నీకు తెలుసు. నేను ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఎన్ని గుడ్లు ఉడకబెట్టానో, ఎన్నిటిని ఒలిచి మీ అన్న కంచంలో వేశానో. ఆ గుడ్డు చేతిలో పట్టుకున్నప్పుడు కేశవప్ప చెప్పిన గుత్తి గుర్తొచ్చింది. వేన్నీళ్ళ కుండలో వేసి ఉడకబెట్టుకుని తిన్నాను. నిలబడి, ఉప్పు అద్దుకుని, ఒక్కదాన్నే.

ఆ మధ్యాహ్నం మీ అన్న అడిగాడు, శ్రావణం వచ్చేస్తోంది, గుడ్డు యాడ అని. పొద్దున పెట్టింది, తినేశాను అన్నాను. అత్తమ్మ చేతిలో చాట ఆగిపోయింది.

"చూడకుండా నేనెట్ల నమ్మేది?" అన్నాడు.

"మునీశ్వరుని కాడ కోసినవి ఆరూ పుంజులే అని మేము ఎట్ల నమ్మినామో, నువ్వూ అట్లే నమ్ము" అన్నాను.

గట్టిగా అనలేదు చైత్రా. అన్నం వడ్డిస్తూ అన్నాను. ఆయన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. కేశవప్ప పేరు నేను ఎత్తలేదు, ఆయనా అడగలేదు. అత్తమ్మ ఆయన ముఖం వైపు చూసింది, చాలాసేపు చూసింది. ఆమెకు అర్థమైపోయింది. "లోకనాథా, సామికి పెట్టను కోసినావా" అంది. ఆయన చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు.

రాత్రి వచ్చి గది తాళంచెవి కిటికీలో పెట్టాడు. నాకు ఇవ్వలేదు, నీకని చెప్పలేదు. పెట్టాడు. నేను తీసుకున్నాను. నిన్నా ఇవాళా ఇంకో రెండు గుడ్లు వచ్చాయి. వాటిని ఆయనకు చూపించలేదు. అడగలేదు కూడా.

నువ్వు వచ్చి నలుగురిలో అడుగుతానన్నావు. వద్దు. నీకు కోపం తీరుతుంది, నేను ఇక్కడే కాపురం చేయాలి. ఆయన తల వంచుకుని నా పక్కనుంచి తప్పుకుని పోతున్నాడు మూడు రోజులుగా. నాకు అది చాలు.

నీ వదిన,
పవిత్ర

*

హోసూరు,
27 జూలై 1998

వదినకు,

నోరు కట్టుకోమని చెప్పాను. వినలేదు. మంచిపని చేశావు, అయినా నాకు కోపంగానే ఉంది. ఆ మాట నేను అనాల్సింది. లైనులో నిలబడి మూడు వారాలుగా మనసులో అనుకుంటూనే ఉన్నాను, నీది ఒక్క ముక్కలో అయిపోయింది. నావి అన్నీ వృథా.

నలుగురిలో అడగను. నీ కోసం అడగను, ఆయన కోసం కాదు. కానీ ఒక్కసారి ఆయన నా ముఖం చూసి మాట్లాడాలి. తెలిసి కోయించిన ఆ ఐదింటి గురించి. అంతవరకు నేను వదలను, నువ్వు అడ్డం రావద్దు.

ఇవాళ పని మానేశాను. బిళ్ళ వాడి ముఖం మీద విసరలేదు. బాత్రూముకు పోయి, తాపీగా వచ్చి, తర్వాతి పిల్ల చేతిలో పెట్టి బయటికి నడిచాను. వాడు వెనకనుంచి పిలిచాడు. పేరు కూడా తప్పు పిలిచాడు.

ఆదివారం పొద్దుటి బస్సుకు వస్తాను. తొలిగుడ్లు చిన్నగానే ఉంటాయి, రక్తపు చార ఉన్నా భయం లేదు, నెల తిరిగేసరికి పెద్దవవుతాయి. ఇకమీద తిన్నవి కూడా లెక్కలో రాయి, సగం నాది.

హేచరీలో పిల్లల కోసం చెప్పి పెట్టాను. ఇప్పుడు రెండు మూటలు చిప్పల పొడి కొన్నాను. బస్సు దగ్గరికి అన్నను పంపు. మోయడానికి బరువుగా ఉంటాయి, అయినా ఆయనే మోయాలి.

చైత్ర